మగ్దలీనమ్మ టీచర్ ఎడమ బొటనవేలు

నల్లరాళ్లపాడు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల వరండా గోడకు ఇరవైనాలుగు పలకరాళ్లు బిగించి ఉన్నాయి. ఒక్కో రాయి మీద ఒక్కో పేరు చెక్కి ఉంటుంది. ఏటా పదో తరగతి ప్రీఫైనల్ పరీక్షల్లో బడికి ఫస్టు వచ్చిన పిల్లల పేర్లవి. విద్యను గౌరవించడంలో ఈ ఊరు తర్లుపాడు చుట్టుపక్కల ఏ ఊరికీ తీసిపోదు. ఆ ఇరవైనాలుగు పేర్ల కోసం ఇప్పటిదాకా నాలుగు తలలు, రెండు మోచేతులు, పాత హెడ్మాస్టరుగారి కళ్లజోడు, దాని వెనకాల ఉన్న కంటితో సహా, సమర్పించుకుంది. వేరే ఊళ్లలో పొలం గట్ల కోసం కొట్టుకుంటారు, ఎన్నికల కోసం కొట్టుకుంటారు. ఇక్కడ మార్కుల కోసం కొట్టుకుంటారు. చదువుకున్న ఊరికీ చదువుకోని ఊరికీ ఆ మాత్రం తేడా ఉండాలి.

ఈ ఆచారాన్ని పెట్టిన మనిషి మగ్దలీనమ్మ టీచర్. లెక్కలు చెబుతుంది. ఆమె తండ్రి మార్కాపురం పలకల కార్ఖానాలో చెక్క ఫ్రేములు బిగించేవాడు. మూల విరిగి అమ్మకానికి పనికిరాని పలకలు ఇంటికి తెచ్చేవాడు. వాటి మీదే ఆమె ఎక్కాల నుంచి త్రికోణమితి దాకా నేర్చుకుంది. రెండువేల ఒకటిలో ఈ బడికి వచ్చినప్పుడు ఫస్టు వచ్చిన పిల్లలకు స్టీలు గిన్నె ఇచ్చేవారు. గిన్నెలో పేరు ఎవరు చదువుతారు, కూర తింటారు గానీ, అని ఆమె రాయి పెట్టించింది. పబ్లిక్ పరీక్షల ఫలితాలు ఎండాకాలంలో వస్తాయి. అప్పుడు బడికి తాళం వేసి ఉంటుంది, చప్పట్లు కొట్టడానికి ఎవరూ ఉండరు. అందుకని ప్రీఫైనల్ మార్కులే లెక్క. ఫిబ్రవరిలో వీడ్కోలు సభ రోజున రాయి గోడకెక్కుతుంది.

ఆమె చేతి దెబ్బ తినని మగవాడు ఊళ్లో నలభై దాటినవాళ్లలోనే దొరుకుతాడు. సర్పంచికి ఎడమ అరచేతిలో ఇప్పటికీ ఒక గీత ఉంది. పిల్లలను కొట్టకూడదని ఉత్తర్వులు వచ్చాక చింతబరికె పక్కన పెట్టి డస్టరు విసరడం మొదలుపెట్టింది. ఉత్తర్వుల్లో బరికె ప్రస్తావన ఉంది గానీ డస్టరు ప్రస్తావన లేదని ఆమె అభిప్రాయం. గురి చాలా మంచిది. భర్త కంభం స్టేషనులో రైల్వే ఉద్యోగి. ఆదివారాలు మాత్రమే ఇంటికి వస్తాడు కాబట్టి క్షేమంగా ఉన్నాడు.

పరీక్షల ఇన్‌ఛార్జి కూడా ఆమే. ప్రభుత్వం నాలుగేళ్లకోసారి పరీక్షలకు కొత్త పేరు పెట్టింది, మార్కులు తీసి గ్రేడులు తెచ్చింది, గ్రేడులు తీసి మార్కులు తెచ్చింది, చివరికి మార్కులన్నీ ఫోనులోకి ఎక్కించమంది. ఎక్కించే పని కుర్ర టీచర్లు చూసుకునేవారు. తన లెక్కల పేపర్లు కూడే పని మాత్రం ఆమె ఎవరికీ ఇవ్వలేదు. అది కూడా కాలిక్యులేటరుతో కాదు, పలక మీద. పేపరు తిరగేస్తూ జవాబు పక్కన వేసిన మార్కులు పలక ఎడమవైపు ఒకదాని కింద ఒకటి రాస్తుంది. తర్వాత పలకను ఎడమచేత్తో కింది మూల దగ్గర పట్టుకుని కిటికీ వెలుతురుకు ఎత్తి, పెదవులు కదపకుండా పై నుంచి కిందికి కూడుతుంది. మొత్తం పేపరు మీద వేసి పలక తుడిచేస్తుంది. ఇరవైనాలుగేళ్లలో ఆమె వేసిన మొత్తం ఒక్కటి కూడా మారలేదు. ఆ నాలుగు తలలూ పగిలింది అందుకే.

ఇరవైఐదో రాయి దగ్గరికి వద్దాం.

ఈ ఏడు పోటీ ఇద్దరి మధ్య. మల్లి అనే అమ్మాయికి ఆరు సబ్జెక్టుల్లో కలిపి ఐదొందల నలభైఎనిమిది. సురేష్ అనే అబ్బాయికి ఐదొందల నలభైఏడు. ఒక్క మార్కు తేడా.

మల్లి తండ్రి హనుమంతు నల్లమల మనిషి. తేనె, జిగురు ఏరుకుని బతికిన ఇంటివాడు. పెళ్లయ్యాక కొండ దిగి పలకరాయి గనుల్లో పనికి చేరాడు. రాయిని పొరలు పొరలుగా చీల్చడంలో అతని చెయ్యి గొప్పది. బడి రాళ్ల మీద పేర్లు చెక్కేది పదిహేనేళ్లుగా అతనే. చదువు రాదు. కాగితం మీద టీచరు రాసిచ్చిన అక్షరాలను బొమ్మల్లాగా చూసి చెక్కుతాడు. పదిహేను మంది పిల్లల పేర్లు చెక్కి చెక్కి కొన్ని అక్షరాలు గుర్తుపడుతున్నాడు. ఈసారి టీచరు ఇచ్చిన కాగితంలో రెండే అక్షరాలు. అవి రెండూ అతనికి ముందే వచ్చు.

సురేష్ తండ్రి నరసింహులు ముప్పై ఎకరాల ఆసామి. మిరప, కంది వేస్తాడు. ఈ బడిలోనే చదివాడు, టీచరు వచ్చిన మొదటి ఏడు పదో తరగతి. ఆ ఏడు అతనిది రెండో ర్యాంకు, ఒక్క మార్కు తేడాతో. గోడ మీద మొదటి రాయిలో ఉన్న పేరు ఉషారాణి. తర్వాత నరసింహులు ఉషారాణినే పెళ్లి చేసుకున్నాడు. ప్రేమ అని కొందరంటారు, పగ అని కొందరంటారు. ఏదైనా ఫస్టు ర్యాంకు అతని ఇంట్లోనే కూర్చుని ఇరవై ఏళ్లుగా అతనికి అన్నం వడ్డిస్తోంది.

మంగళవారం పదకొండు గంటలకు నరసింహులు బడికి వచ్చాడు. వెంట బావమరిది ఉన్నాడు, బావమరిది భుజాన గడ్డపార ఉంది. బడికి గడ్డపార ఎందుకని ఎవరూ అడగలేదు. ఊరి అనుభవం అట్లాంటిది. హనుమంతు వరండాలో కూర్చుని ఇరవైఐదో రాయి మీద ‘మల్లి’ చెక్కడం అప్పుడే పూర్తిచేసి, చెక్కిన పొడి నోటితో ఊదుతున్నాడు.

స్టాఫ్‌రూములో మగ్దలీనమ్మ టీచర్ ఒక్కతే ఉంది.

“టీచరమ్మా, మావాడికి లెక్కల్లో తొంభైఒకటి ఏసినావంట. వాడు తొంభైమూడు అంటాండు.”

“నాతో అనలేదే.”

“నీతో అంటే డస్టరుతో కొడ్తివి గదా. యాడంటాడు.”

“కూర్చో నరసింహులూ. నీ ఎదురుగానే కూడుతా.”

బీరువాలోంచి పేపర్ల కట్ట దించి సురేష్ పేపరు తీసింది. మార్కులు ఒక్కొక్కటే పైకి చదువుతూ పలక మీద రాసింది. ఎడమ బొటనవేలు మూలకు నొక్కిపట్టి, పలక వెలుతురుకు ఎత్తింది.

“తొంభైఒకటి.”

“ఇంకోసారి కూడు.”

తుడిచి, మళ్లీ రాసి, మళ్లీ ఎత్తింది. తొంభైఒకటి. మూడోసారీ తొంభైఒకటే. మూడోసారి పలకను అతని మొహం ముందు పెట్టి తను కూడుతుంటే వినమంది. నరసింహులు విన్నాడు. కూడికలో తప్పు లేదు. తప్పు దొరక్కపోయేసరికి అతని మెడ నరాలు లేచాయి.

“ఆ పేపరు ఇట్ల ఇయ్యి. నేనే కూడుకుంటా.”

“పేపరు పిల్లలకు చూపిస్తాం, పెద్దవాళ్లకు ఇవ్వం. అది రూలు.”

“నాకు కూడికలు రావనా?”

“నీకు కూడికలు వచ్చు. ఓపిక రాదు. నీ పదో తరగతిలో కూడా ఇదే చెప్పినా.”

గుమ్మంలో నిలబడ్డ బావమరిది నిట్టూర్చాడు. “పోదాం పా బావా. అక్కకు నువ్వు చెప్తావా, నేను చెప్పేదా?”

ఆ మాటతో బల్ల తలకిందులైంది. ఎర్ర సిరా సీసా గోడకు తగిలి పగిలింది. మగ్దలీనమ్మ టీచర్ పేపర్ల కట్ట గుండెలకు పొదువుకుని బీరువాలోకి విసిరి తలుపు మూయబోయింది. బావమరిది గడ్డపార తలుపు మధ్యలో దూర్చి ఎత్తాడు. పై మడతబందు ఊడిపోయింది. ఆమె తలుపు అంచును ఎడమచేత్తో పట్టుకుని వేలాడింది. నరసింహులు తలుపును కాలితో తన్నాడు. పచ్చి చెరుకుగడ మోకాలికి వేసి విరిచినట్టు ఒక శబ్దం వచ్చింది. బొటనవేలు తలుపుకూ చట్రానికీ మధ్యన ఉండిపోయింది.

ఆమె అరవలేదు. కుడిచేత్తో పలక తీసుకుని ఫ్రేము అంచుతో నరసింహులు నుదుటి మీద కొట్టింది. పలక రెండు ముక్కలైంది, నుదురు ఒక్క ముక్కగానే ఉంది గానీ బాగా తెరుచుకుంది. రక్తం కళ్లలోకి కారి అతనికి కనిపించకుండా పోయింది. కనిపించకపోయినా కొట్టడం ఆపలేదు. మొదట గ్లోబు పగిలింది, తర్వాత గోడ గడియారం, తర్వాత బావమరిది చెంప.

హనుమంతు సుత్తి పట్టుకుని లోపలికి వచ్చాడు. బావమరిది మోకాలి చిప్ప మీద ఒక్క దెబ్బ వేశాడు, రాయికి వేసే దెబ్బ కంటే కొంచెం మెల్లగానే. బావమరిది కూలిపోతూ గడ్డపార తిప్పాడు. హనుమంతు ముందు పళ్లు రెండు ఊడి స్టాఫ్‌రూము హాజరు పట్టీ మీద పడ్డాయి. మధ్యాహ్న భోజనం వండే పిచ్చమ్మ వంటగదిలోంచి మరుగుతున్న పప్పుచారు గరిటెతో తెచ్చి నరసింహులు వీపు మీద పోసింది. గరిటె ఖాళీ అయితే మళ్లీ వెళ్లి తెచ్చుకుంది. డ్రిల్లు మాస్టరు విజిలు ఊదుతూనే ఉన్నాడు. ఎవరిని ఆపమని ఊదుతున్నాడో ఆయనకే తెలియలేదు. ఆ రోజు రెండో బ్యాచి పిల్లలకు పప్పుచారు చాలలేదు.

నలుగురినీ ఒకే అంబులెన్సులో మార్కాపురం పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. దారిలో మళ్లీ మొదలుపెట్టడానికి ప్రయత్నం జరిగింది గానీ స్థలం చాలలేదు. నరసింహులు నుదుటికి పద్నాలుగు కుట్లు. నలభైఒక్క జవాబు పత్రాల్లో పదహారింటి మీద రక్తం పడింది. ఎవరి రక్తం ఎవరి పేపరు మీద పడిందో తేల్చలేం గానీ మార్కులు కనిపిస్తూనే ఉన్నాయి. ఆ పేపర్ల సంచిని మగ్దలీనమ్మ టీచర్ ఎవరికీ ఇవ్వలేదు. వేలికి కట్టు కట్టించుకున్నాక తల కింద పెట్టుకుని పడుకుంది.

బుధవారం పొద్దున్నే ఎస్సై వచ్చాడు. నరసింహులు రెండు మంచాల అవతల కానిస్టేబులు పక్కన, తలకు కట్టుతో కూర్చుని ఉన్నాడు. ప్రభుత్వ ఉద్యోగిని విధుల్లో కొట్టినందుకు మధ్యాహ్నం కోర్టుకు తీసుకెళ్లాలి.

“అతను మార్కులు తప్పన్నాడు, మీరు కరెక్టన్నారు. అంతేగదా మేడమ్. మార్కులు కరెక్టేనని ఒక ముక్క స్టేట్‌మెంట్లో రాసుకుంటా.”

“ఊరికే ఎట్ల రాసుకుంటారు? కూడి చెప్తా, ఆగండి.”

తోడుగా వచ్చిన పిచ్చమ్మను బజారుకు పంపి కొత్త పలక తెప్పించింది. ఎడమ బొటనవేలు కట్టుతో వంకాయంత ఉంది, దేన్నీ పట్టుకోలేదు. పలకను మోకాలికి ఆనించి రాసింది. ఆనించే కూడింది. తుడిచి మళ్లీ రాసింది.

“తొంభైమూడు,” అంది.

ఎస్సై పెన్ను ఆగింది.

ఆమె పలక వైపే చూస్తోంది. వరసలో పదిహేడు అంకెలు ఉన్నాయి. మామూలుగా పదహారుకు మించవు. సురేష్ ఒక లెక్కను సగంలో వదిలేసి, చివర దారంతో కట్టిన అడిషనల్ షీటులో మళ్లీ అందుకుని పూర్తి చేశాడు. అందుకు రెండు మార్కులు ఆమే వేసింది. పదిహేడో అంకె ఆ రెండే. అది పలక ఎడమవైపు అట్టడుగు మూలన పడింది. ఇరవైనాలుగేళ్లుగా ఆమె బొటనవేలు నొక్కిపట్టే మూల అది. పలక వెలుతురుకు ఎత్తేలోపు వేలి చెమట ఆ అంకెను తుడిచేస్తోంది. మంగళవారం మూడుసార్లు రాసింది, మూడుసార్లూ తుడిచింది, మూడుసార్లూ నిజాయితీగా కూడింది. ఇప్పుడు వేలు విరిగి పక్కకు తప్పుకుంది కాబట్టి అంకె మిగిలింది.

“తొంభైమూడు అని రాయండి,” అంది ఎస్సైతో. “తప్పు నాది.”

“అట్లయితే అతను కొట్టింది...”

“కొట్టింది కొట్టిందే. వేలు విరిచినందుకు కేసు పెట్టండి. మార్కు నేను దిద్దుకుంటా. రెండూ ఒకే కాగితం మీద కలపొద్దు.”

రెండు మంచాల అవతల నుంచి నరసింహులు గొంతు వినిపించింది. “నేను చెప్పలే?”

“చెప్పినావు.”

“మరి?”

“పదిహేడో అంకె ఏదని అడిగుంటే సరిపోయేది. గడ్డపార ఏందిరా?”

“నువ్వు పేపరిస్తే గదా అడిగేది,” అన్నాడు నరసింహులు. అని, కట్టు కిందుగా వెక్కివెక్కి ఏడ్చాడు. కుట్లు లాగుతున్నాయని నర్సు వచ్చి తిట్టింది.

ఆ రోజు సాయంత్రందాకా ఆమె నలభైఒక్క పేపర్లూ మోకాలి మీద కూడింది. ఏడుగురికి మార్కులు పెరిగాయి. ఏడుగురూ లెక్కను మధ్యలో వదిలేసి, చివర్లో గుర్తు తెచ్చుకుని వెనక్కి వచ్చి పూర్తి చేసినవాళ్లే. మల్లి ఆ ఏడుగురిలో లేదు. మల్లి ఏ లెక్కనూ మధ్యలో వదలదు. ఆమె ఐదొందల నలభైఎనిమిది అట్లాగే ఉంది. సురేష్‌ది ఐదొందల నలభైతొమ్మిది అయింది. శుక్రవారం వీడ్కోలు సభ. రాయి మీద మల్లి పేరు అప్పటికే చెక్కి ఉంది. రాయి మీద చెక్కింది తుడవడానికి బొటనవేలు చాలదు.

గురువారం ఆమె కట్టుతోనే బడికి వచ్చింది. హెడ్మాస్టరు తలుపు దగ్గరగా వేసి మెల్లగా చెప్పాడు.

“మేడమ్, మార్కులు ఫోనులో ఎక్కించి ఫ్రీజ్ చేసినాం. రాయి చెక్కడం అయిపోయింది. కొట్టినవాడి కొడుక్కే ఫస్టు ఇస్తే రేపటి నుంచి ప్రతి తండ్రీ గడ్డపారతో వస్తాడు. ఆలోచించండి.”

మాటలో న్యాయం ఉంది. ఆమె ఆలోచించింది కూడా.

“వస్తే రానీండి సార్. వాళ్లు వస్తారని పిల్లోడి రెండు మార్కులు నేను ఉంచుకోలేను.”

అసెంబ్లీకి ముందు మల్లిని పిలిచి పలక చూపించింది. ఏ అంకె ఎక్కడ పోయిందో చెప్పింది. మల్లి మొత్తం తనే ఒకసారి కూడింది.

“నావి తగ్గలేదు గదా మేడమ్.”

“తగ్గలే. నీవి నీకున్నాయి.”

“మా నాయనకు మీరే చెప్పండి. ఆయన ఆ రాయిని రాత్రి ఇంటికి తెచ్చుకుని పక్కలో పెట్టుకున్నాడు.”

అసెంబ్లీలో ఆమె ఆ విషయం అందరి ముందూ చెప్పింది. తన వేలే అంకె తుడిచిందని కట్టు పైకెత్తి చూపించి మరీ చెప్పింది. పిల్లలు చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక ఊరుకున్నారు. హనుమంతు ఆ రోజు గనికి వెళ్లాడు. కబురు మాత్రం ఆమె కంటే ముందే గనికి చేరింది.

గురువారం దీపాలు పెట్టే వేళకు ఆమె ఇంటి మీద రాళ్లు పడ్డాయి. మామూలు రాళ్లు కావు, గనిలో మిగిలిన పలకరాయి పెంకులు. సన్నగా, పదునుగా ఉంటాయి, గాల్లో తిరుగుతూ వస్తాయి. మొదటిది కిటికీ అద్దం పగలగొట్టింది. రెండోది గుమ్మానికి కట్టిన తెర చీల్చింది. ఆమె తలుపు తీసి బయటికి వచ్చేసరికి మూడోది కుడి చెవి తమ్మెను కోసుకుంటూ పోయింది. చీర భుజం మీద ఎర్రగా తడిసింది. వీధిలో పదిమంది గని కూలీలు ఉన్నారు, ముందు సుబ్బన్న. మల్లికి మేనమామ.

“మా పిల్ల ఎక్కినాకనా దించేది?” అన్నాడు సుబ్బన్న. “కొట్టిన రోజు మేము నీ పక్కన నిలబడినాము. మా బావ పళ్లు పోయినాయి. నరసింహులు దగ్గర ఎంత తీసుకున్నావు నువ్వు?”

మగ్దలీనమ్మ టీచర్ కట్టు కట్టిన వేలు పైకెత్తింది.

“ఇది తీసుకున్నాడు. ఇచ్చిందేమీ లేదు.”

“మాటలు బాగా చెప్తావు.”

“నువ్వు ఏడో తరగతిలో బడి మానేయకుండా ఉంటే నీకు లెక్కలు కూడా చెప్పుందును. రా సుబ్బన్నా, లోపలికి రా. పేపరుంది, పలకుంది. నువ్వే కూడు. తప్పని తేలితే ఇంకో వేలు విరుచుకో.”

సుబ్బన్న లోపలికి రాలేదు. ఇంకో పెంకు విసిరాడు గానీ అది గోడకు తగిలింది. గురి తప్పడం చూసి ఆమె ఆ పెంకు ఏరుకుని కుడిచేత్తో తిరిగి విసిరింది. డస్టరుతో పదేళ్లు చేసిన సాధన వృథా పోలేదు. సుబ్బన్న మోచేయి పట్టుకుని కింద కూర్చున్నాడు. మిగతావాళ్లు అతన్ని లేపుకుని వెళ్లిపోయారు. చెవి తమ్మెకు మూడు కుట్లు పడ్డాయి. వారంలో రెండోసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు కాంపౌండరు, “మళ్లీ కూడినారా మేడమ్?” అని అడిగాడు.

శుక్రవారం పొద్దున బడి ఆవరణలో షామియానా వేశారు. ఊరు ఊరంతా వచ్చింది. పిల్లల వీడ్కోలు చూద్దామని ఎవరూ రాలేదు. ఒకపక్క గని కూలీలు, ఇంకోపక్క నరసింహులు తాలూకు రైతులు. మధ్యలో ఇద్దరు కానిస్టేబుళ్లు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. నరసింహులు మార్కాపురం సబ్‌జైల్లో ఉన్నాడు. ఉషారాణి కొడుకును వెంటబెట్టుకుని వచ్చి వరండాలో ఒక మూల కూర్చుంది. సురేష్ చెంప మీద ఐదు వేళ్ల గుర్తు ఉంది. తొంభైమూడు అని టీచరుకు కాకుండా తండ్రికి చెప్పినందుకు తల్లి వేసిన మార్కు అది.

హనుమంతు రాయి భుజాన పెట్టుకుని వచ్చాడు. నడుముకు సుత్తి, ఉలి ఉన్నాయి. పై పెదవి ఇంకా ఉబ్బే ఉంది. అతను నేరుగా మగ్దలీనమ్మ టీచర్ దగ్గరికి నడుస్తుంటే కానిస్టేబుళ్లు లేచి నిలబడ్డారు. అతను రాయిని ఆమె కాళ్ల దగ్గర నేల మీద నిలువుగా ఆనించి, సుత్తి చేతిలోకి తీసుకున్నాడు.

“అమ్మా, వాడు గడ్డపార తెచ్చినాడని బయపడి దిద్దినావా?”

“లేదు హనుమంతూ.”

“నిజంగానే వానికి ఎక్కువొచ్చినాయా?”

“ఒక్కటి ఎక్కువ. నా వేలు తినేసింది. నీ చేత తప్పు పేరు చెక్కించినా. అది నా తప్పే.”

“పిల్ల రాత్రి పలక తెచ్చి నాకు కూడి చూపిచ్చింది,” అన్నాడు హనుమంతు. “నాకు కూడికలు రావు. పిల్ల మొహం చూస్తే తెలిసింది.”

సుత్తి ఎత్తాడు. రైతుల వైపు నుంచి ఎవరో, పగలగొడతాండు, అన్నారు. గని కూలీల వైపు నుంచి, పగలగొట్టు బావా, అన్నాడు సుబ్బన్న, చేతికి కట్టుతో. వాళ్లూ వీళ్లూ ఒక్కో అడుగు ముందుకు వేశారు. చొక్కా కాలర్లు అప్పుడే రెండు మూడు చేతుల్లోకి వచ్చేశాయి. ఎవరో ఎవరినో తోశారు. షామియానా గుంజ ఒకటి ఒరిగింది.

హనుమంతు రాయికి ఉలి అంచు ఆనించాడు. పేరున్న వైపు కాదు, పక్కన, మందంలో. సుత్తితో మెల్లగా తట్టాడు. వేలెడు జరిపి మళ్లీ తట్టాడు. రాయి చుట్టూ ఒక దారం లాంటి గీత పడింది. కొట్టుకోబోతున్నవాళ్లలో సగంమంది గనిలో పనిచేసినవాళ్లే. అతను ఏం చేస్తున్నాడో వాళ్లకు అర్థమై, పట్టుకున్న కాలర్లు పట్టుకునే ఉండి ఆగిపోయారు. ఇంత సన్నగా పొర లేపడం మామూలు చెయ్యికి రాదు. మూడు వైపులా తిరిగి నాలుగో వైపు ఉలి కొంచెం వంచేసరికి, పైపొర అప్పడంలాగా లేచి అతని అరచేతిలోకి వచ్చింది. కింద ఒక మూల నెర్రె పడింది గానీ విరగలేదు. దాని మీద ‘మల్లి’ అని ఉంది. కింద మిగిలిన రాయి మొహం నల్లగా, కొత్తగా, ఏ పేరూ లేకుండా ఉంది.

హనుమంతు ఆ పొరను తువ్వాలులో చుట్టి కూతురి చేతికి ఇచ్చాడు.

“ఇది ఇంటికి. ఆ పిల్లోని పేరు కాగితం మీద రాసియ్యి అమ్మా. నా కూలి మాత్రం రెండు పేర్లకియ్యాల.”

హెడ్మాస్టరు సరేనన్నాడు. ఆ పరిస్థితిలో ఆయన పది పేర్లకైనా సరేననేవాడు. హనుమంతు కూర్చుని చెక్కడం మొదలుపెట్టాడు. కాలర్లు ఒక్కొక్కటే వదిలారు. చూడ్డానికి ఇంక ఏమీ లేదనుకున్నవాళ్లు భోజనాల వైపు వెళ్లారు. అక్కడ అప్పడాల దగ్గర చిన్న కొట్లాట జరిగింది గానీ దానికీ చదువుకూ సంబంధం లేదు.

మధ్యాహ్నానికి సురేష్ పేరు ఉన్న రాయి ఇరవైఐదోదిగా గోడకెక్కింది. కార్యక్రమం అయ్యాక ఉషారాణి టీచరు పక్కకు వచ్చి కూర్చుంది.

“టీచరమ్మా, మార్కు దిద్దినారు గదా. కేసు గూడ రాజీ చేసుకుంటే...”

“మార్కు తప్పు నాది, దిద్దుకున్నా. వేలు తప్పు వాడిది. జడ్జిగారు దిద్దుతారు.”

ఉషారాణి తల ఊపింది. ఆమెకు పెద్ద ఆశ ఉన్నట్టు లేదు. గోడ మీద తన పేరున్న మొదటి రాయి వైపు చూసింది.

“మీరు కొత్తగా వచ్చిన యేడు, మా ఆయనకు నాకు తేడా ఒక్క మార్కే గదా.”

“ఒక్కటే.”

“అప్పుడు గూడ మీరు పలక మీదనే కూడినారా?”

మగ్దలీనమ్మ టీచర్ కూడా ఆ రాయి వైపు తిరిగింది.

“ఆ.”

“ఆయన పేపరుందా?”

“లేదు. స్టోర్‌రూములో ఉన్నవన్నీ చెదలు తినేసినాయి.”

“ఆయన ఏ పనైనా సగంలో ఇడిసిపెట్టి చివర్లో ఎనక్కొచ్చి పూర్తి చేసే రకం టీచరమ్మా. లెక్కలూ అంతే. ఇప్పటికీ అన్నం గూడ అట్లనే తింటాడు.”

“పేపరు లేకుండా నేను మార్కు వేయను ఉషా.”

“ఎయ్యొద్దు.”

“కానీ వాడొచ్చి అడిగితే దాచను. నా వేలు అప్పుడూ అక్కడే ఉండిందని చెప్తా.”

“ఆయన ఇరవైనాలుగేండ్లు కూడింది తప్పనే అన్నాడు,” అంది ఉషారాణి. “నేను ఇరవైనాలుగేండ్లు నవ్వినాను. పెండ్లయినాక నవ్వినప్పుడల్లా కొట్టినాడు. నేనూ ఊరుకోలే. తిరగలి పిడి మా ఇంట్లో రెండుసార్లు మార్చినాం. ఇప్పుడు జైలు నుంచి వచ్చి ఈ మాట వింటే ఆయనకు ఇంక కొట్టే పనుండదు. అప్పుడు నాకు నవ్వే పనీ ఉండదు.”

హనుమంతు పనిముట్లు సర్దుకుంటూ దగ్గరలోనే ఉన్నాడు. మాటలు అతని చెవిన పడ్డాయి. అతనికి అర్థమైనంత వరకు విషయం సూటిగానే ఉంది. ఉలి మళ్లీ బయటికి తీసి, గోడ మీది మొదటి రాయి అంచును గోటితో తట్టి, మందం చూశాడు.

“ఇది గూడ లేపాల్నా అమ్మా? పాత రాయి. జాగ్రత్తగా తియ్యాల.”

మగ్దలీనమ్మ టీచర్ కట్టులో ఉన్న వేలి వైపు చూసుకుంది. నోరు తెరవబోయింది.

ఆమె ఏదీ అనకముందే ఉషారాణి లేచి వెళ్లి, కొంగు నడుముకు దోపుకుని, ఆ రాయికి వీపు ఆనించి నిలబడింది.